మూడో గడి

ముందు ఆ స్టూలు సంగతి చెప్పాలి, ఆవిడ సంగతి తరవాత. ఎందుకంటే ఆ ఆసుపత్రిలో సగంమందికి ఆవిడ అసలు పేరు తెలియదు గానీ స్టూలు మాత్రం తెలుసు. ఇనుప కాళ్ళ స్టూలు. ఒక కాలు కాస్త పొట్టి, దాని కింద మందుల అట్టపెట్టె ముక్క మడిచి పెట్టి ఉంటుంది. దాని మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా ఉన్న యంత్రం వంక చూస్తూ ఆ మనిషి ఇరవై రెండేళ్ళు గడిపేసింది. అందుకే స్టూలమ్మ అని పేరు. పెట్టినవాళ్ళు నవ్వులాటకే పెట్టారు. ఆవిడా మొదట్లో నవ్వింది. తరవాత నవ్వే ఓపిక లేక ఆ పేరుకి పలకడం మొదలెట్టింది.

ఆ యంత్రం పేరు ఆటోక్లేవు. ఆపరేషన్లకి వాడే కత్తెరలు, పట్టకార్లు, గుడ్డలు పెట్టెల్లో సర్ది లోపల పెడితే ఆవిరితో ఉడికించి క్రిములన్నిటినీ చంపేస్తుంది. ఒక్కో విడతకి నలభై నిమిషాలు. పక్కనే బల్ల మీద రిజిస్టరు. అందులో ఒక్కో విడతకి మూడు గడులు. మొదట్లో వేడి ఎంత, మధ్యలో ఎంత, చివర ఎంత అని ముల్లు చూసి రాయాలి. మూడూ నింపి సంతకం పెడితే, ఆ సంతకం చూసుకుని ఆపరేషన్ థియేటరు అటెండరు పెట్టెలు పట్టుకుపోతాడు. రూలు ప్రకారం ఆ నలభై నిమిషాలూ మనిషి యంత్రం ముందే ఉండాలి.

రూలు ప్రకారం. ఉండేవాళ్ళెవరండీ? మీట నొక్కగానే మూడు గడుల్లోనూ, ఉండాల్సిన వేడి అదే కాబట్టి, నూట ఇరవై ఒకటి, నూట ఇరవై ఒకటి, నూట ఇరవై ఒకటి అని గీకేసి, సంతకం బరికేసి క్యాంటీనుకి పోయేవాళ్ళే అందరూ. వాళ్ళని మరీ అనడానికీ లేదు. యంత్రం పాతదైనా మొండిది, ముల్లు ఎప్పుడూ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అదీగాక ప్రతి పెట్టెలోనూ ఒక పసుపు చీటీ పెడతారు. ఆవిరి సరిగ్గా తగిలితే అది నల్లబడుతుంది. థియేటరులో పెట్టె తెరిచే నర్సు ఎలాగూ ఆ చీటీ చూసుకుంటుంది, ఇంక మనం కాపలా కాయడం దేనికి అని వాళ్ళ వాదన.

స్టూలమ్మ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు పని నేర్పించిన సీనియరు, అందరూ మేస్త్రి అని పిలిచే ఆయన, మూడు గడులూ ఒక్కసారే నింపి చూపించాడు.

"చూడకుండానే రాసేశారేంటండీ?" అంది ఆవిడ.

"అది ఫార్మాలిటీ అమ్మా."

"మా ప్రభువు దగ్గర ఫార్మాలిటీ అని వేరే గడి లేదండీ."

పాతికేళ్ళ పిల్ల అన్న మాట అది. ఎంత అమాయకంగా అందో! ఆ సాయంత్రానికే అది ఆసుపత్రంతా పాకింది. లిఫ్టులో, మందుల కౌంటరు దగ్గర, నర్సుల గదిలో ఎవరు ఏ చిన్న తప్పు చేసినా గొంతు సన్నగా చేసుకుని "మా ప్రభువు దగ్గర వేరే గడి లేదండీ" అనడం, పడీపడీ నవ్వడం. ఇరవై రెండేళ్ళ తరవాత కూడా, కొత్తగా చేరినవాళ్ళకి మరుగుదొడ్లు ఎటో చూపించినట్టే ఈ జోకు కూడా చూపిస్తున్నారు.

ఎవరూ ఆవిడని కొట్టలేదు, తిట్టలేదు. అది ఒప్పుకోవాలి. ఆరాధనలో కష్టాలు పడ్డవాళ్ళు లేచి తమ అనుభవం చెప్పుకునే సాక్ష్యాలు వింటున్నప్పుడు ఆవిడకి సిగ్గుగా కూడా ఉండేది, నాకేం కష్టం వచ్చింది గనక అని. నవ్వారు, అంతే. కానీ రోజూ నవ్వులపాలవడం మాత్రం తక్కువ పనా? ఆవిడ వస్తుంటే క్యాంటీను బల్ల దగ్గర మాట ఆగిపోయేది. ఎవరి మీదో చాడీ నడుస్తుంటే "ఉష్, చర్చి వచ్చింది" అనేవాళ్ళు. ఆవిడ టిఫిను డబ్బా పట్టుకుని కిటికీ పక్క చిన్న బల్లకి పోయేది. ఆదివారాలు ఆరాధనకి వెళ్ళాలని అందరి సాయంత్రం డ్యూటీలూ, సెలవు రోజుల డ్యూటీలూ నెత్తినేసుకునేది. ఒళ్ళు హూనమైపోయింది. మోకాళ్ళు అరిగిపోయాయి. దేవుడి మీద ప్రేమ తగ్గలేదు గానీ, ఆ ప్రేమని మోసే మనిషికి మాత్రం ఓపిక తగ్గిపోయింది.

ఇంట్లో ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వాకిట్లో అద్దాల బల్ల, కంటికి భూతద్దం. ఆయనకి దేవుడితో పేచీ లేదు, పరిచయమూ లేదు. సాయంత్రం ఆవిడ కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుంటే తలెత్తకుండానే అనేవాడు:

"మీ దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు కూర్చున్నాడంటావు. నువ్వు ఏడు రోజులూ కూర్చునే ఉంటావు. అయినా ఇంత అలుపేంటే?"

"ఊరికే కూర్చోవడం అనుకున్నారా? మీరొచ్చి కూర్చోండి ఒక రోజు."

"నాకెందుకే బాబూ, నాకు ఇక్కడ టిక్కు టిక్కుమని వందమంది తోడున్నారు."

ఆవిడకి లేనిదే అది, తోడు. చర్చి సంఘం ఉంది గానీ, ఆ సంఘం ఎంతని? టైర్ల దుకాణం పైన ఒక గది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన. ఒకప్పుడు అరవైమంది ఉండేవాళ్ళు, చాపలు చాలక మెట్ల మీద కూర్చునేవాళ్ళు. ఇప్పుడు పదకొండుమంది. అందులో ఒక తాతగారికి చెవుడు, ఇద్దరు ఆడవాళ్ళకి ఒకరంటే ఒకరికి పడదు. పిల్లలు పెద్దవాళ్ళై ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. "ఆదివారం ఒక్కటే కదా ఆంటీ నిద్రపోయేది" అని మొహం మీదే అనేస్తున్నారు. పాస్టరుగారు వారమంతా స్కూలు వ్యాను నడుపుకుని, ఆదివారం ఆ పదకొండుమందికీ అరవైమందికి చెప్పినంత గట్టిగా చెప్పేవారు.

ఇక ఒక ఆదివారం సంగతికి వస్తాను. పక్క ఊరి సంఘం నుంచి పదిహేనుమంది వస్తున్నారని పాస్టరుగారికి కాళ్ళు నేల మీద నిలవడంలేదు. వాళ్ళ ముందు స్టూలమ్మ సాక్ష్యం చెప్పాలి. విషయం, పనిచేసే చోట నమ్మకంగా ఉండడం. వారం ముందే చెప్పారు. ఆవిడ రోజూ స్టూలు మీద కూర్చుని మనసులో మాటలు పేర్చుకుంది. సరిగ్గా అదే ఆదివారం ఎవరికో జ్వరమొచ్చి, పొద్దున పది గంటల దాకా డ్యూటీ ఆవిడ మీద పడింది. పది తరవాత గలగల వస్తుంది.

గలగల అంటే ఆ గదిలో అందరికన్నా చిన్నది. నిద్రలో కూడా మాట్లాడుతుందని ఆ పేరు. నాలుగేళ్ళుగా టెంపరరీ, పర్మినెంటు ఫైలు పైకి వెళ్ళి ఉంది. నోటి దురుసేగానీ మనసు మంచిది. ఆవిడని వెక్కిరించేవాళ్ళలో ముందుండేదీ అదే, ఆవిడకి కాలు నొప్పెడితే బరువు పెట్టెలు ఎత్తిపెట్టేదీ అదే. ఒక్క జబ్బు, ఏనాడూ టైముకి రాదు.

తొమ్మిదింబావుకి థియేటరు నుంచి ఫోను, అత్యవసరంగా రెండు పెట్టెలు కావాలని. తొమ్మిదీ ఇరవైకి మీట నొక్కింది స్టూలమ్మ. ముల్లు చూసి మొదటి గడి నింపింది. తొమ్మిదీ నలభైకి రెండో గడి నింపింది. అప్పుడు పాస్టరుగారి ఫోను.

"సిస్టర్, మీ సాక్ష్యం ముందుకి జరిపాను. వాళ్ళు తొందరగా వెళ్ళిపోవాలట. పది గంటలకల్లా ఇక్కడుండాలి మీరు."

నడిస్తే పదిహేను నిమిషాల దారి. విడత పూర్తికావడానికి ఇంకా ఇరవై నిమిషాలు. గలగల ఫోను ఎత్తడంలేదు. ఆవిడ ముల్లు వంక చూసింది. నూట ఇరవై ఒకటి. ఎప్పుడూ ఉండేదే కదా, ఇప్పుడు మాత్రం ఎక్కడికి పోతుంది? దేవుని పనికే కదా వెళ్తున్నది. పది గంటలకి గలగల వస్తుంది కదా. ఇన్ని 'కదా'లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, మూడో గడిలో నూట ఇరవై ఒకటి అని రాసి, సంతకం పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది.

గదిలో ఇరవై ఆరుమంది! స్టూలమ్మకి కళ్ళు చెమర్చాయి. ఊపిరి తిరక్కుండానే లేచి నిలబడింది. వారమంతా పేర్చుకున్న మాటలు వాటంతట అవే వచ్చేశాయి.

"నేను గొప్పదాన్ని కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్క అబద్ధపు అంకె రాయకుండా ప్రభువు నన్ను కాపాడాడు."

అనేసింది. అన్నాక విన్నది.  కొత్తవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అంటున్నారు. పాస్టరుగారి మొహం వెలిగిపోతోంది. మిగతా మాటలు ఏం చెప్పిందో, ఎలా కూర్చుందో ఆవిడకే తెలియదు. పాట మధ్యలో లేచి చెప్పులు చేతబట్టుకుని దిగిపోయింది.

ఆసుపత్రికి వచ్చేసరికి పదకొండు దాటింది. గలగల యంత్రం ముందు నిలబడి ఉంది, చేతిలో ఒక పసుపు చీటీ. నల్లబడని చీటీ. జరిగింది ఇదీ: ఆవిడ వెళ్ళిన ఐదు నిమిషాలకే కరెంటు పోయి, కాసేపటికి వచ్చింది. యంత్రం చల్లారిపోయింది. గలగల ఇంకా రాకముందే అటెండరు వచ్చి, రిజిస్టరులో స్టూలమ్మ సంతకం చూసి, ఇంకేం ఆలోచించకుండా పెట్టెలు పట్టుకుపోయాడు. ఇంకెవరి సంతకమైనా ఒకసారి తలుపు తట్టి అడిగేవాడేమో. థియేటరులో నర్సు పెట్టె తెరిచి పసుపు చీటీ చూసి వెనక్కి పంపింది. బల్ల మీద పడుకోబెట్టిన మనిషి, వేరే పెట్టె దొరికేదాకా అలాగే ఉంది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

"ఏం భయపడకు అక్కా," అంది గలగల, "చీటీల కట్ట పాతదైపోయిందని చెప్పేశాను నర్సుకి. నమ్మేసింది. మళ్ళీ ఉడకబెట్టి పంపించాను. అయిపోయింది." చీటీని జేబులో కుక్కుకుని, ఒక్కసారిగా ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేసింది. "అయితే నువ్వూ మనిషివేనన్నమాట! అబ్బ, ఇన్నేళ్ళకి!"

ఆ మర్నాడు క్యాంటీనులో ఏం జరిగిందో చెప్పాలి. ఆవిడ డబ్బాతో కిటికీ బల్ల వైపు పోతుంటే మేస్త్రి కేకేశాడు. "అటెక్కడికమ్మా, ఇటు రా." జరిగి చోటిచ్చారు. ఎవరో టీ తెచ్చి ముందు పెట్టారు. విషయం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు, కళ్ళల్లో మాత్రం ఒక చిలిపితనం. మేస్త్రి తన మనవరాలి అల్లరి చెప్పాడు. గలగల వాళ్ళమ్మ గురక అనుకరించింది. స్టూలమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది.

నిజం చెప్పొద్దూ, ఆవిడకి బాగుంది. ఎంత బాగుందంటే, రెండోరోజు పొద్దున డబ్బాలో నలుగురికి సరిపడా సర్దుకుని వెళ్ళింది. మూడోరోజు ఆవిడ జోకేస్తే వాళ్ళు నవ్వారు. నలభై ఏడేళ్ళ మనిషికి చిన్నపిల్లలా రేపెప్పుడవుతుందా అనిపించింది. ఇరవై రెండేళ్ళు నిజం రాస్తే దొరకని చోటు, ఒక్క అబద్ధపు గడికి దొరికింది.  తిరిగి స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆ పేజీ కనబడేది. తిప్పేసేది. గాలికి మళ్ళీ తెరుచుకునేది.

ఆగలేక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన వ్యాను కడుగుతున్నారు. అంతా విని, తడిచేతులు తుడుచుకున్నారు. పాపం ఆయనకీ అలుపే. ఆ పదిహేనుమంది ఆ సాక్ష్యం విని ఎంత బలపడ్డారో ఫోన్లు చేసి చెప్పారట.

"మీరు ప్రభువు దగ్గర ఒప్పుకున్నారు కదా సిస్టర్. ఆయన క్షమించాడు. ఇంక వదిలేయండి."

"ప్రభువు సంగతి నాకు తెలుసండీ. రిజిస్టరు సంగతి అడుగుతున్నాను."

ఆయన మళ్ళీ బకెట్టు అందుకున్నారు. "అందరికీ ఇబ్బంది అవుతుందేమో ఆలోచించండి" అన్నారు చివరికి. ఇంటికొస్తే మొగుడు భూతద్దం తీసి పక్కన పెట్టాడు. ఎప్పుడోగానీ తీయడు.

"గడియారం తప్పు చూపిస్తోందని దానికదే చెప్పదే. ఎవరో ఒకరు చెప్పాలి. నీకు చెప్పాలనుంటే చెప్పు. కానీ ఆ తరవాత ఆ బల్ల దగ్గర నీకు చోటుండదు, అది తెలుసుకుని చెప్పు."

తెలుసు. అందుకే ఎనిమిది రోజులు పట్టింది.

తొమ్మిదో రోజు ఇన్‌చార్జి మేడం గదికి రిజిస్టరు పట్టుకుని వెళ్ళింది. మేడం చెడ్డది కాదు, ఒక్క మనిషి నలుగురి పని చేస్తోంది. విని, తల పట్టుకుంది.

"ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

"కాలేదండీ."

"తొమ్మిది రోజులైంది కదా?"

"అయిందండీ."

"మరి ఇప్పుడేంటమ్మా?"

"మూడో గడి అలాగే ఉందండీ."

మేడం ఏదో అనేలోగానే ఆవిడ పెన్ను తీసి, ఆ నూట ఇరవై ఒకటి మీద ఒక్క గీత గీసి, పక్కన 'ఇది నేను చూడలేదు' అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టింది.  మేడం ఆ పేజీ తనవైపు తిప్పుకుంది.

"కనబడలేదనడానికి లేకుండా చేశారు," అంది. "ఇప్పుడు నేను పైకి పంపాలి."

పైవాళ్ళు ఒక్క పేజీతో ఊరుకుంటారా? ఏడాది రిజిస్టర్లు అన్నీ తెప్పించారు. స్టూలమ్మ పేజీల్లో నూట ఇరవై, నూట ఇరవై రెండు, నూట ఇరవై ఒకటి, ఇలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మిగతావాళ్ళవి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే అంకె, ఒకటే సిరా. యంత్రం చెడిపోయి మెకానిక్కు విప్పి పడేసిన రోజున కూడా మేస్త్రి నూట ఇరవై ఒకటి రాశాడు, మూడు గడుల్లోనూ! ఆ ఒక్కదానికి పైవాళ్ళు కూడా నవ్వారట. నవ్వి, అందరికీ మెమోలు ఇచ్చారు. స్టూలమ్మకీ ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. రిటైరవడానికి ఎనిమిది నెలలున్న మేస్త్రికి సర్వీసులో మొట్టమొదటి మచ్చ. థియేటరు నర్సుని పిలిచి అడిగితే గలగల చీటీ అబద్ధం బయటపడింది. దాని పర్మినెంటు ఫైలు వెనక్కి వచ్చేసింది.

గలగల ఆవిడని మెట్ల దగ్గర పట్టుకుంది. ఏడవలేదు. దాని మొహంలో ఆ రోజు మాట్లాడే మనిషే లేదు.

"నీకోసం అబద్ధం చెప్పాను. నాకోసం నువ్వు నోరు మూసుకోలేకపోయావా? పోనీ, ముందు నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

 ఇక్కడ నేను ఆవిడని వెనకేసుకురాను. చెప్పి ఉండాల్సింది. నిజం ఒప్పుకోవడానికి మేడం గదిదాకా నడిచిన మనిషి, ఆ పక్క గదిదాకా నడవలేకపోయింది. గలగల బతిమాలితే మనసు మారిపోతుందని భయం. మంచిపని చేస్తున్నామన్న తొందరలో పక్కమనిషిని తొక్కుకుంటూ పోవడం కూడా ఉంటుంది. "తప్పయిందమ్మా" అంది ఆవిడ. గలగల అప్పటికే మెట్లు దిగిపోయింది. ఆ రోజు నుంచి అక్కా లేదు, నువ్వూ లేదు. అవసరమైతే "మీరు పెట్టెలు దింపారా?" అని అడిగేది, గోడని అడిగినట్టు.

తరవాతి ఆదివారం ఆవిడ సంఘంలో కూడా లేచి నిలబడి, మొన్న చెప్పింది అబద్ధమని చెప్పింది. పాస్టరుగారు తల దించుకున్నారు.  చెవుడున్న తాతగారు మాత్రం పెదాల కదలిక చూసి ఏదో మంచి సాక్ష్యమే అనుకుని "స్తోత్రం!" అని గట్టిగా అరిచారు.

ఆసుపత్రిలో మాత్రం పెద్ద మార్పే వచ్చింది, రెండు నెలలు. ఆర్డరు ప్రకారం నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కొని యంత్రం ముందు వేశారు. కోపంతో కుర్చీ తలుపు బయట వేసుకున్న గలగల తప్ప అందరూ తిట్టుకుంటూ, ఆవలిస్తూ, నలభై నిమిషాలూ కూర్చున్నారు. మూడో నెలలో కుర్చీలు ఒక్కొక్కటే క్యాంటీనుకి చేరాయి. రిజిస్టరులో మళ్ళీ నూట ఇరవై ఒకట్లు పరుచుకున్నాయి. కాకపోతే తెలివిమీరి, మధ్యమధ్యలో ఒక నూట ఇరవై కూడా వేస్తున్నారు. యంత్రం ముందు మిగిలింది పాత స్టూలే. కిటికీ బల్ల దగ్గర మిగిలింది ఆవిడే. ఎందుకు చేశాను ఇదంతా, ఎవరికి ఒరిగింది అని ఆవిడ అడుగుతూనే ఉంది, అడగాల్సినాయన్నే, ప్రభువునే. ఆయన జవాబు చెప్పలేదు. పొద్దున్నే లేచి డ్యూటీకి పోవడం తప్ప ఆవిడకీ వేరే దారి తోచలేదు. విసుగొచ్చిన రోజున కూడా ముల్లు చూసే రాసింది. అంతకుమించి విశ్వాసం అనదగింది ఆ రోజుల్లో ఆవిడలో ఏమీ లేదు.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం. ఆవిడ డ్యూటీ అయిపోయి సంచీ భుజాన వేసుకుంది. తలుపు దగ్గర గలగల నిలబడి ఉంది. రెండు పెట్టెలు చేతుల్లో, గట్టిగా గుండెకి ఆనించుకుని.

"రేపు పొద్దున మా అమ్మకి ఆపరేషను," అంది, నేల వంక చూస్తూ. "గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. ఆ పెట్టెలు ఇవి. ఇప్పుడు డ్యూటీ మేస్త్రిది. ఆయన్ని అడిగి ఈ విడత మార్పించాను." పెట్టెలు ముందుకి చాపింది. "కోపం ఏం తగ్గలేదు నాకు. కానీ ఇవి మీరే పెట్టాలి."

అనడానికి ఆవిడ దగ్గర మాటలు లేకనా? నాలుగు నెలలుగా కిటికీ బల్ల దగ్గర పోగైన మాటలు నోటిదాకా వచ్చాయి.  కానీ గలగల చేతుల్లోని పెట్టెల్లో కత్తెరలు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. స్టూలమ్మ సంచీ దింపి కొక్కేనికి తగిలించింది.

"చీటీలు కొత్త కట్టలోంచి తీసుకురా."

పెట్టెలు సర్దింది, చీటీలు పెట్టింది, తలుపు బిగించింది, మీట నొక్కింది. ముల్లు లేచేదాకా చూసి మొదటి గడి నింపింది. స్టూలు మీద కూర్చుంది. గలగల వెళ్ళిపోతుందనుకుంది. వెళ్ళలేదు. కాసేపు గోడకి ఆనుకుని నిలబడి, ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుంది. నాలుగేళ్ళలో ఆ యంత్రం ముందు అది అంతసేపు ఉండడం అదే మొదలు. పదో నిమిషంలో యంత్రం బుస్సుమని ఆవిరి వదిలేసరికి ఉలిక్కిపడింది.

"ఎప్పుడూ ఇలాగే అంటుందా?"

"ఎప్పుడూ ఇంతే."

 గలగల ఎంతసేపని నోరు కట్టుకుంటుంది?

"ఇన్నేళ్ళూ ఇక్కడ కూర్చుని ఏం చేసేవారు?"

"ప్రార్థన. ఆ పెట్టె ఎవరికోసం వెళ్తుందో వాళ్ళకోసం. మొదట్లో బాగా చేసేదాన్ని." స్టూలమ్మ మోకాలు రాసుకుంది. "ఈమధ్య ఎక్కువగా మోకాళ్ళు నొప్పెడుతున్నాయనే చెప్పుకుంటున్నాను."

"ఎవరికి?"

"ఆయనకే."

గలగల పెదవి చివర కొంచెం కదిలింది, నవ్వు అనడానికి లేదు. గడియారంలో ఇరవై నిమిషాలు అయింది. స్టూలమ్మ లేచి ముల్లు చూసి, రెండో గడి నింపి వచ్చి కూర్చుంది.

"ఇన్నేళ్ళూ నాకు ఒక్కళ్ళ పేరు తెలియలేదు," అంది. "ఎవరో బల్ల మీద పడుకుని ఉన్నారు ప్రభువా, అనేదాన్ని. ఆ ఆదివారం పడుకోబెట్టిన మనిషి పేరు ఇప్పటికీ తెలియదు. వాళ్ళకోసం ఇంకా చేస్తూనే ఉన్నాను." ఆగి, అడిగింది. "మీ అమ్మ పేరేంటి?"

గలగల చెప్పింది.  స్టూలమ్మ కళ్ళు మూసుకోలేదు, ముల్లు మీంచి చూపు తిప్పలేదు. పెదాలు మాత్రం కదిలాయి. గలగల ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ ఓదార్చలేదు. ఒక చెయ్యి తీసి దాని వీపు మీద వేసి, అలాగే ఉంచింది.

నలభయ్యో నిమిషం దగ్గర పడింది. స్టూలమ్మ లేవబోయి, మోకాలు సహకరించక, మళ్ళీ కూలబడింది. పెన్ను గలగల చేతికిచ్చింది.

"మూడోది నువ్వు చూసి రాయి."

గలగల కళ్ళు తుడుచుకుని, యంత్రం దగ్గరికి వెళ్ళి, మొహం అద్దానికి ఆనేంతగా వంగింది. ఒకసారి చూసింది. నమ్మకం లేక మళ్ళీ చూసింది.

"నూట ఇరవై ఒకటి కాదక్కా. నూట ఇరవై రెండుంది."

"ఎంత ఉంటే అంత రాయి," అంది స్టూలమ్మ.